పిల్లి కన్ను అని నవ్వి ఊరుకోకండి
(మెహిదీపట్నంలో ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)

అక్కలందరికీ నమస్కారం. నేను డాక్టర్‌ను కాను, కంటి ఆసుపత్రిలో కౌన్సెలర్‌ని. డాక్టర్ గారు జబ్బు పేరు చెప్పాక తల్లిదండ్రులు వచ్చి కూర్చునేది నా ముందే. అందుకే జబ్బు కంటే వాళ్ల మాటలే నాకెక్కువ గుర్తుంటాయి.

కంటికి కూడా క్యాన్సర్ వస్తుందా అంటారు. వస్తుంది. రెప్పకు, తెల్లగుడ్డు మీది పొరకు, లోపల వెలుగును పట్టే పొర రెటీనాకు రావచ్చు. రొమ్ములోనో ఊపిరితిత్తుల్లోనో పుట్టింది కంటిదాకా పాకవచ్చు. తెల్లవాళ్లలో పెద్దలకు కంటి లోపల ఎక్కువగా వచ్చే మెలనోమా, అంటే రంగు కణాల క్యాన్సర్, మన దగ్గర అరుదు. మనం భయపడాల్సింది పసిపిల్లల రెటీనాకు వచ్చే క్యాన్సర్, రెటినోబ్లాస్టోమా గురించి. 15 నుంచి 20 వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది, అదీ ఎక్కువగా ఐదేళ్లలోపే.

ఒకమ్మ ఫోన్ తీసి పాప మొదటి పుట్టినరోజు ఫొటో చూపించింది. ఫ్లాష్ పడి ఒక కన్ను ఎర్రగా, రెండోది పాలచుక్కలా తెల్లగా ఉంది. ‘ఫోన్ పాడైందనుకున్నాం మేడం’ అంది. ఇంట్లో అందరూ పిల్లి కన్ను అని ముద్దు చేశారట. తర్వాత మెల్ల వస్తే, మెల్లకన్ను అదృష్టమంది నానమ్మ. ఆ ఫొటోకి అప్పటికి ఎనిమిది నెలలు.

మామూలుగా ఫ్లాష్ వెలుగు కంటి వెనక రక్తనాళాలున్న పొరకు తగిలి ఎర్రగా తిరిగొస్తుంది. అక్కడ తెల్లటి గడ్డ ఉంటే తెల్లగా వస్తుంది. శుక్లమున్నా, ఫ్లాష్ పడిన కోణం వల్లా తెల్లగా కనిపించవచ్చు. అది తేల్చేది మనం కాదు. చుక్కల మందు వేసి, పసివాళ్లయితే మత్తు ఇచ్చి డాక్టర్లే చూస్తారు. ‘ముక్క తీసి పరీక్షించరా?’ అనడుగుతారు. తీయరు. సూది గుచ్చితే క్యాన్సర్ కణాలు కంటి బయటికి రావచ్చు.

తల్లులు అడిగే ఇంకో ప్రశ్న: ‘గ్రహణం రోజు బయటికెళ్లానని వచ్చిందా?’ లేదమ్మా. ఆర్‌బీ1 అనే జన్యువు రెండు ప్రతులూ చెడితే ఈ గడ్డ పుడుతుంది. ఇలా రెండు దెబ్బలు పడాలని 1971లోనే నడ్సన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. ఒక ప్రతి పుట్టుకతోనే చెడి ఉంటే రెండు కళ్లకూ రావచ్చు. అందుకే అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్లనీ కూడా చూపించమంటాం.

వైద్యంలో వరస ఒకటుంది: ముందు ప్రాణం, తర్వాత కన్ను, ఆ తర్వాత చూపు. చిన్న గడ్డయితే లేజర్‌తో కాలుస్తారు, లేదా అతి చలితో మంచులా బిగిసేలా చేసి చంపుతారు. పెద్దదైతే సెలైన్‌లో కీమో, అంటే క్యాన్సర్ మందు, ఎక్కిస్తారు. తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం పంపి కంటి నాళంలోకే మందు వదిలే పద్ధతీ ఉంది. రేడియేషన్ ఇచ్చే చిన్న బిళ్లను కంటి గోడకు కుట్టి, కొన్ని రోజులకు తీసేస్తారు. గడ్డ కన్నంతా నిండిపోతే మాత్రం కన్ను తీయాలి.

ఆ మాట వినగానే కొందరు లేచి వెళ్లిపోతారు. పసరు మందు పోయించి, నెలల తర్వాత కన్ను ఉబ్బాక వస్తారు. కంట్లోనే ఉన్నప్పుడు దాదాపు పూర్తిగా నయమయ్యే జబ్బు అప్పటికి చేయి దాటుతుంది. ఆ రోజు నాకు అన్నం సయించదు.

పెద్దవాళ్ల సంగతి రెండు మాటల్లో. రెప్ప మీద కంటికురుపు అదే చోట మళ్లీ మళ్లీ లేస్తూ, అక్కడి వెంట్రుకలు రాలుతుంటే అది కొవ్వుగ్రంథి క్యాన్సర్ కావచ్చు. కురుపు కోయించుకుని ఊరుకోకుండా ఆ ముక్కను పరీక్షకు పంపించమనండి. నల్లగుడ్డు అంచున కండలా పెరిగితే అదీ క్యాన్సర్ కావచ్చు; ముఖ్యంగా ఎండలో పనిచేసేవాళ్లకూ, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకూ, తప్పక చూపించండి. తొందరగా వస్తే చాలాసార్లు చుక్కల మందుతోనే తగ్గుతుంది.

ఇదిగో, ఈ చిన్న డబ్బాలో ఉన్నది కృత్రిమ కన్ను. యాక్రిలిక్‌తో చేసి, రెండో కంటి రంగు చూసి చేత్తో రంగులద్దుతారు. ఈ ఎర్ర నాళాలు పట్టుదారపు పోగులు. కన్ను తీస్తామంటే తల్లిదండ్రులు తలచుకునేది నల్లటి గుంటని, దీన్ని కాదు. ముట్టుకోండి, ఏం కాదు. చూసి పక్క అక్కకివ్వండి.