దాడి జరిగిన మర్నాడు

శ్రోతలకు నమస్కారం.

2015 నవంబరు 12, గురువారం సాయంత్రం. లెబనాన్ రాజధాని బేరూత్‌లో జనం కిక్కిరిసి ఉండే ఒక పేటలో ఇద్దరు ఆత్మాహుతి బాంబులు పేల్చుకున్నారు. 40 మందికి పైగా చనిపోయారు. రెండోవాడు జనంలోకి చొరబడబోతుంటే అటుగా వెళ్తున్న ఒక తండ్రి వాణ్ణి ఒడిసిపట్టుకున్నాడు. ఆ పేలుడులో ఆయన ప్రాణం పోయింది. ఎంతమందిని కాపాడాడో లెక్క చెప్పలేం. మర్నాడు శుక్రవారం రాత్రి పారిస్‌లో దాడులు జరిగాయి. ఫుట్‌బాల్ స్టేడియం బయట, కాఫీ హోటళ్ల ముందు, బటాక్లాన్ అనే సంగీతశాల లోపల కలిపి 130 మందిని చంపారు. రెండు చోట్లా చంపింది ఐసిస్ సంస్థే.

ప్రపంచమంతా పారిస్ కోసం కన్నీళ్లు పెట్టుకుంది, అది సహజమే. బేరూత్ సంగతి మాత్రం చాలామందికి తెలియనే తెలియదు. పారిస్ వాళ్ల కోసం ఫేస్‌బుక్ 'నేను క్షేమం' అని చెప్పుకునే ఏర్పాటు చేసింది, బేరూత్‌కు చేయలేదు. మా చావులు చావులు కావా అని అక్కడివాళ్లు అడిగారు. ఆ ప్రశ్నను నేను కొట్టిపారేయలేను. ఆ ఏళ్లలో ఉగ్రవాదం వల్ల ఎక్కువగా చచ్చిపోయింది సిరియా, ఇరాక్, అఫ్ఘానిస్తాన్, నైజీరియా లాంటి దేశాల మనుషులే. ఆ చావు నుంచి పారిపోయి వచ్చినవాళ్లనే మనం శరణార్థులు అంటున్నాం.

అయితే పారిస్‌లో ఒక పాస్‌పోర్టు దొరికింది. స్టేడియం దగ్గర పేల్చుకున్న వాళ్లలో ఒకడి శవం పక్కన అది పడి ఉంది. సిరియా పాస్‌పోర్టు. అది నకిలీదని తర్వాత తేలింది. కానీ దాన్ని చూపించినవాడు అక్టోబరు 3న గ్రీసులోని లేరోస్ దీవిలో, పడవ దిగిన శరణార్థుల మధ్య పేరు నమోదు చేయించుకున్న మాట మాత్రం నిజం.

పారిస్ దాడికి రెండు నెలల ముందు, సెప్టెంబరు మొదట్లో, టర్కీ సముద్ర తీరంలో ఒక పసివాడి శవం బోర్లా పడి ఉన్న ఫొటో వచ్చింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లోనే మ్యూనిక్ రైల్వే స్టేషన్‌లో జర్మన్లు చప్పట్లు కొట్టి శరణార్థులను ఆహ్వానించారు, పిల్లలకు బొమ్మలు పంచారు. నవంబరు వచ్చేసరికి గాలి మారిపోయింది. లక్షలమంది తలరాతను ఒకసారి ఒక ఫొటో రాసింది, ఇంకోసారి ఒక పాస్‌పోర్టు రాసింది. నాకు బాధ కలిగించేది ఇదే. ఆ రెండు నెలల్లో ఆ లక్షలమందిలో వచ్చిన మార్పేమీ లేదు. మారింది చూసే మన కళ్లు.

పారిస్ దాడి జరిగిన మర్నాడే పోలండ్‌లో అధికారంలోకి రాబోతున్న పార్టీ నాయకుడొకరు, ఐరోపా సమాఖ్య పంచిపెట్టిన శరణార్థుల వాటాను తాము తీసుకోలేమన్నారు. అమెరికాలో 30 మందికి పైగా గవర్నర్లు తమ రాష్ట్రాలకు సిరియా వాళ్లు వద్దన్నారు. నిజానికి ఆ విషయంలో నిర్ణయం కేంద్ర ప్రభుత్వానిది, గవర్నర్లది కాదు. వారం తిరక్కముందే, నవంబరు 19న, సిరియా, ఇరాక్ శరణార్థుల రాకను దాదాపు ఆపేసే బిల్లు ప్రతినిధుల సభలో 289-137 ఓట్లతో నెగ్గింది. తర్వాత సెనేట్‌లో ఆగిపోయింది. దెబ్బ తిన్నది ఫ్రాన్సు. ఆ ఫ్రాన్సు అధ్యక్షుడు ఒలాంద్ మాత్రం అంతకు ఒకరోజు ముందే, రెండేళ్లలో 30,000 మందిని తీసుకుంటామన్న మాటకు కట్టుబడి ఉన్నామని ప్రకటించారు. ఆ వారంలో అన్ని దేశాల నాయకులు మాట్లాడిన మాటల్లో నేను గౌరవించేది ఆ ఒక్క మాట.

భయపడేవాళ్లను మానవత్వం లేనివాళ్లని తిట్టడం సరైన పని కాదని నా అభిప్రాయం. ఆ భయం ఎలా ఉంటుందో హైదరాబాద్‌కు తెలుసు. 2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర 42 మంది చనిపోయారు. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర మళ్లీ అదే జరిగింది. నెలల తరబడి సినిమా హాల్లో, బస్సులో ఎవరైనా సంచి వదిలేస్తే జనం గుండెలు గుభేలుమనేవి. భయం తప్పు కాదు. అది ఎవరి మీదికి మళ్లుతుందన్నదే సమస్య. అదే 2007 మే నెలలో మక్కా మసీదులో పేలుడు జరిగాక పాతబస్తీ కుర్రాళ్లను పోలీసులు పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. వాళ్లలో ఎంతోమంది చివరికి నిర్దోషులుగా బయటికొచ్చారు. ఈలోపు వాళ్ల చదువులు పోయాయి, ఉద్యోగాలు పోయాయి, వీధిలో పరువు పోయింది.

పారిస్ విషయానికి వస్తే, ఆ ముఠాలో ఎక్కువమంది ఫ్రాన్సు, బెల్జియం పౌరులు, అక్కడే పెరిగినవాళ్లు. వాళ్లు దాడికి ఏర్పాట్లు చేసుకున్నది శరణార్థుల శిబిరాల్లో కాదు, బెల్జియంలో. అయినా కోపం పడవల మీద తిరిగింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

ఈ చర్చలో ఎప్పుడూ కలగాపులగమయ్యే విషయం ఒకటుంది. దాన్ని కాస్త విడమర్చి చెబుతాను. శరణార్థులు ఒక దేశానికి చేరే దారులు రెండు. ఒకటి, ప్రాణాలకు తెగించి సరిహద్దు దాటి వచ్చి 'నాకు రక్షణ ఇవ్వండి' అని అడగడం. 2015లో జర్మనీకి వచ్చిన దాదాపు 9 లక్షల మంది ఇలా వచ్చినవాళ్లే. ముందు మనిషి వస్తాడు, విచారణ తర్వాత జరుగుతుంది. రెండోది, జోర్డాన్‌లోనో, లెబనాన్‌లోనో ఉన్నవాళ్లను ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ముందుగా విచారించి, ఏదో ఒక దేశానికి సిఫారసు చేయడం. ఇక్కడ ముందు విచారణ, తర్వాతే విమానం. అమెరికాకు వెళ్లే సిరియా శరణార్థికి అప్పట్లో ఈ తతంగం ముగిసేసరికి 18 నుంచి 24 నెలలు పట్టేది. వేలిముద్రలు, ఎఫ్‌బీఐ తనిఖీలు, పదేపదే ఇంటర్వ్యూలు. ఒక దేశంలోకి చొరబడాలనుకునే ఉగ్రవాది రెండేళ్లు ఇన్ని విచారణలకు తల ఒగ్గి కూర్చుంటాడా? అమెరికా గవర్నర్లు వద్దన్నది ఈ రెండో దారిలో వచ్చేవాళ్లనే. గ్రీసు దీవిలో దొరికిన లోపానికి జోర్డాన్ శిబిరంలో వరసలో నిలబడ్డ తల్లికి శిక్ష పడింది.

కెనడా అదే సమయంలో ఇదే రెండో దారిలో 2016 ఫిబ్రవరి చివరికల్లా 25,000 మందిని తీసుకొచ్చింది. కుటుంబాలకు, పిల్లలున్నవాళ్లకు ముందు చోటిచ్చింది, తనిఖీలన్నీ విమానం ఎక్కకముందే ముగించింది. మొదట అనుకున్న గడువుకు పని పూర్తి కాకపోతే గడువు పెంచుకుంది కానీ తనిఖీ తగ్గించుకోలేదు. మొదటి విమానం టొరంటోలో దిగినప్పుడు ప్రధాని ట్రూడో స్వయంగా వెళ్లి చలికోట్లు అందించారు. జాగ్రత్తా, జాలీ ఒకే ప్రభుత్వం చేతిలో కలిసి పనిచేయగలవు. అందుకు ఓపిక కావాలి, డబ్బు కావాలి, అధికారులు కావాలి.

అవి లేకపోతే ఏమవుతుందో బెర్లిన్ చూసింది. 2016 డిసెంబరు 19న క్రిస్మస్ సంతలోకి లారీ తోలి 12 మందిని చంపినవాడి శరణు దరఖాస్తును జర్మనీ అప్పటికే తిరస్కరించింది. పోలీసులు వాణ్ణి కనిపెట్టి కూడా ఉన్నారు. వాణ్ణి వెనక్కి పంపడానికి ట్యునీసియా నుంచి కాగితాలు రాలేదు. దాడి జరిగిన రెండు రోజులకు వచ్చాయి. ఇది దేశం తలుపు తెరిచినందువల్ల జరిగిన నష్టం కాదు. కాదన్నవాణ్ణి పంపించలేని ఆఫీసుల చేతగానితనం.

అదే ఏడాది అక్టోబరులో లైప్‌జిగ్‌లో జరిగింది మాత్రం నేను ఎక్కడ మాట్లాడినా చెబుతాను. జర్మనీ శరణు ఇచ్చిన ఒక సిరియా యువకుడు ఉంటున్న ఇంట్లో పేలుడు పదార్థాలు దొరికాయి. బెర్లిన్ విమానాశ్రయాన్ని పేల్చాలని చూస్తున్నాడని నిఘా సంస్థలు చెప్పాయి. వాడు పోలీసులకు చిక్కకుండా పారిపోయి, లైప్‌జిగ్‌లో తోటి సిరియా వాళ్ల ఇంట్లో తలదాచుకున్నాడు. పోలీసులు వెతుకుతున్నది వీడినేనని ఫేస్‌బుక్‌లో చూసి తెలుసుకున్న ఆ శరణార్థులు వాణ్ణి కట్టేశారు. ఫోన్లో చెబితే పోలీసులకు వాళ్ల భాష అర్థం కాలేదు. అందుకని ఒకతను వాడి ఫొటో పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తాడు. చంపాలనుకున్నవాడూ శరణార్థే, పట్టిచ్చినవాళ్లూ శరణార్థులే. ఇందులో మొదటి సగమే చెప్పి ఓట్లు అడిగేవాళ్లు ఉన్నారు. రెండో సగమే చెప్పి చేతులు దులుపుకునేవాళ్లూ ఉన్నారు.

గురి తప్పిన కోపం మన గడప దాకా కూడా వచ్చింది. 2017 జనవరి 27న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఏడు దేశాలవాళ్ల రాకను నిలిపేస్తూ, శరణార్థులను తీసుకోవడం 120 రోజులు ఆపేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. నెల తిరక్కముందే, ఫిబ్రవరి 22న, కాన్సస్ రాష్ట్రంలో ఓలేథ్ అనే ఊళ్లో ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు 'నా దేశం నుంచి పొండి' అంటూ కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. వాళ్లను ఇరాన్ వాళ్లనుకున్నాడు వాడు. అడ్డుపడబోయిన ఒక అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. ఆ వారాల్లో మన ఇళ్లలో ఎంత టెన్షన్ ఉండేదో, బయట తెలుగులో మాట్లాడొద్దని ఎంతమంది తల్లిదండ్రులు ఫోన్లు చేశారో గుర్తు చేసుకోండి. కోపంతో రగిలేవాడికి ఇరానీ ఎవరో, సిరియావాడు ఎవరో, మనవాడు ఎవరో తెలియదు.

మనవాళ్లు శరణార్థులుగా నడిచిన రోజులూ ఉన్నాయి. 1930లో రంగూన్ ఓడరేవులో కూలి తగాదా ముదిరి తెలుగు కూలీల మీద దాడులయ్యాయి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు. కొండల్లో, అడవుల్లో కాలినడకన వచ్చి దారిలోనే కన్నుమూసినవాళ్లు ఎందరో. ఆ తర్వాతి దశాబ్దాల్లో వచ్చినవాళ్ల గుర్తుగా విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఇవాళ్టికీ ఉంది.

జర్మనీలో ఈ చర్చ ఇంకా ముగియలేదు. 2024 ఆగస్టులో జోలింగెన్ పట్టణం పండుగలో ఒక సిరియా వాసి ముగ్గురిని కత్తితో చంపాడు. వాణ్ణి అంతకు ముందే బల్గేరియాకు తిప్పి పంపాల్సి ఉంది, పంపలేదు. మళ్లీ అదే లోపం. నెల తిరక్కముందే జర్మనీ తన అన్ని సరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది. డిసెంబరు 8న సిరియాలో అసద్ ప్రభుత్వం కూలింది. మర్నాడే జర్మనీ సిరియా వాళ్ల దరఖాస్తుల మీద నిర్ణయాలు ఆపేసింది. ఇక వాళ్లను వెనక్కి పంపాలన్న మాటలు మొదలయ్యాయి. అప్పుడు నోరు విప్పింది అక్కడి ఆసుపత్రుల సంఘం. జర్మనీ ఆసుపత్రుల్లో 5,000 మందికి పైగా సిరియా డాక్టర్లు పనిచేస్తున్నారని, వాళ్లు ఒక్కసారిగా వెళ్లిపోతే చిన్న ఊళ్ల ఆసుపత్రులకు చాలా కష్టమవుతుందని ఆ సంఘం చెప్పింది.

నమస్కారం.