ఏ పద్దు కింద రాయాలి?

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు బాబూ... ఆ, చాలు.

నన్ను పిలిచింది కరోనా కాలంలో పేదపిల్లల చదువుకు ప్రభుత్వం పెట్టిన ఖర్చు గురించి మాట్లాడమని. నేను ఒక ఓచరుతో మొదలుపెడతాను. ఆటో కిరాయి, 180 రూపాయలు. 2020 సెప్టెంబరులో నేను రాసిందే. అప్పుడు గద్వాల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టర్‌గా ఉన్నాను.

ఆగస్టు 27 నుంచి టీచర్లు బడికి రావాలన్నారు. వచ్చాం. పిల్లలు లేరు. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఎవరు చూశారో ఫోన్ చేసి కనుక్కుని, రిజిస్టర్లో టిక్కు పెట్టుకోవడం మా పని. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయికి ఆరు రోజులు టిక్కు పడలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రి జేబులో, తండ్రి చేనులో, చేనులో సిగ్నల్ లేదు. ఆటో మాట్లాడుకుని నేనే వెళ్లాను.

గద్వాల చుట్టుపక్కల మా నడిగడ్డలో అది సీడ్ పత్తికి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తికి, క్రాసింగ్ చేసే కాలం. సాయంత్రం మొగ్గ గిల్లి పెట్టాలి, తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి పుప్పొడి రాయాలి. సన్నని వేళ్లయితే పని చురుగ్గా సాగుతుందని పిల్లల్ని పెడతారు. ఆ పిల్ల వేళ్ల కొసలు పసుపచ్చగా ఉన్నాయి. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

తండ్రిని కోప్పడదామనే వెళ్లాను. ఆయన అన్నాడు: "హాస్టల్ల ఉంటే మూడు పూటలు ఆడ్నే తింటుండె మేడం. ఇప్పుడు ఇంట్ల ఐదుగురం, సంపాదన నాదొక్కందే. మీరే చెప్పుండ్రి."

నా దగ్గర జవాబు లేదు. కానీ లెక్క ఉంది. అప్పట్లో సంక్షేమ హాస్టల్లో 8 నుంచి 10 తరగతుల పిల్లకు నెలకు మెస్ చార్జీలు 1,100 రూపాయలు. అంటే రోజుకు 36, 37 రూపాయలు. ఏ సర్కారు కూడా ఎక్కువని చెప్పుకునే మొత్తం కాదు. అయినా ఆ ఇంట్లో ఆ పిల్ల చదువు ఆ 36 రూపాయల మీదే నిలబడి ఉంది. హాస్టల్‌కి తాళం పడగానే పిల్ల ఇంటికొచ్చింది. ఆ 36 రూపాయలు మాత్రం పిల్ల వెంట రాలేదు. పిల్లకు ఆకలి ఇంటి దగ్గర కూడా వేస్తుందని కాగితం మీద ఎక్కడా రాసి లేదు కదా!

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను, అది అబద్ధం అవుతుంది. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. చాక్‌పీసు పట్టిన చేతులు కూలికి పోతున్న రోజులవి. ఆ బియ్యం రేషన్ షాపు నుంచే వెళ్లాయి. అంటే దారి ఉంది, తలుచుకుంటే ఇవ్వగలరు.

2021 మే నెలలో కేంద్రం, కరోనాతో అనాథలైన పిల్లలకు పీఎం కేర్స్ పథకం ప్రకటించింది. పిల్లవాడికి 23 ఏళ్లు వచ్చేసరికి 10 లక్షలు. మంచి పథకం. కానీ తలుపు దగ్గర నిబంధన చూడండి: తల్లీ తండ్రీ ఇద్దరూ పోయి ఉండాలి, లేదా మిగిలిన ఒక్కరూ పోయి ఉండాలి. జాతీయ బాలల హక్కుల కమిషన్ 2022 జనవరిలో సుప్రీంకోర్టుకు లెక్క ఇచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అప్పటిదాకా, కోవిడ్‌తో గానీ ఇతర కారణాలతో గానీ ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లలు 10,094 మంది. ఒక్కరిని పోగొట్టుకున్నవాళ్లు 1,36,910. సంపాదించే తండ్రి పోయి, తల్లి కూలికి వెళ్తుంటే, పదో తరగతి పిల్లవాడు ఏం చేస్తాడో మీకు నేను చెప్పాలా?

ఇక పెద్ద పద్దు. కేంద్ర బడ్జెట్లో విద్యాశాఖకు 2020-21లో 99,312 కోట్లు కేటాయించారు. బడులు మూతపడి, పిల్లలు అక్షరాలు మరిచిపోతున్న మరుసటి ఏడాది 93,224 కోట్లు. ఇల్లు తడిసిన ఏడాదే పైకప్పు బాగుచేసే కూలీ తగ్గించుకున్నట్టు.

ఇంగ్లండ్‌లోనూ ఇదే గొడవ. పిల్లల చదువు కుదుటపరచడానికి నియమించిన కెవాన్ కాలిన్స్ అనే ఆయన దాదాపు 1,500 కోట్ల పౌండ్లు కావాలంటే, 140 కోట్లు ఇస్తామన్నారు. 2021 జూన్‌లో రాజీనామా చేసి వెళ్లిపోయాడు. మన దగ్గర అలా రాజీనామా చేయడానికి ఆ పదవే లేదు!

పక్కన తమిళనాడు చూడండి. 2021 అక్టోబరులో 'ఇల్లం తేడి కల్వి' మొదలుపెట్టారు. ఇంటిని వెతుక్కుంటూ వచ్చే చదువు అని అర్థం. 200 కోట్లు పెట్టి, ఊళ్లో చదువుకున్నవాళ్లకే నెలకు వెయ్యి రూపాయలిచ్చి, సాయంత్రం పూట ఇంటి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టారు. ఆ వెయ్యి తక్కువే, నేను కాదనను. కానీ మనిషి పిల్ల దగ్గరికి వెళ్లడానికి వాళ్లు ఒక పద్దు పెట్టారు.

రెండో వేవ్ తర్వాత మన దగ్గర బడులు 2021 సెప్టెంబరు 1న మళ్లీ తెరిచారు. గురుకులాలకు హైకోర్టు అనుమతి వచ్చేసరికి అక్టోబరు 20. బడి ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల బడే ఆఖరున తెరుచుకుంది. పిల్లలకు చదవడం ఎంత వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే 'అసర్' సర్వేలో, 2022లో తెలంగాణ మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు వందకు 5.2. 2018లో 18.1. అదీ గొప్ప కాదు, ఇది మరీ ఘోరం.

ఓచరు సంగతి చెప్పి కూర్చుంటాను. స్కూల్ గ్రాంటులో రాశాను. సున్నానికి, చాక్‌పీసులకి, కరెంటు బిల్లుకి అందులో చోటుంది. ఆడిట్‌కి వచ్చినాయన పెన్సిల్‌తో పక్కన గీత గీసి అడిగాడు: "మేడం, పిల్లని వెతకడానికి వెళ్లడం ఏ పద్దు కింద వస్తుంది?" మర్యాదస్తుడు. నిజంగానే తెలియక అడిగాడు. 180 రూపాయలు నా చేతి నుంచి కట్టేశాను. ఆ పిల్ల కోసం ఆ సీజన్లో ఇంకో మూడుసార్లు వెళ్లాను. వాటికి ఓచరు రాయలేదు.