‘వాడికేం లాభం?’ అని అడిగే ముందు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ అధ్యక్షులు చెప్పేశారు, నేను మళ్లీ చెప్పను. నాకిచ్చిన విషయం ‘నిత్యజీవితంలో ధర్మసంకటాలు’. నిజం చెప్పి నొప్పించాలా, అబద్ధం చెప్పి మనసు నిలబెట్టాలా? స్నేహితుడు చేసిన తప్పు పైవాళ్లకు చెప్పాలా, వద్దా? ఇలాంటివన్నీ రాసుకొచ్చాను. కానీ ఇవాళ నా మనసంతా ఒక్క ప్రశ్న మీదే ఉంది. ఎవరైనా మంచిపని చేయగానే మన నోట వచ్చే ప్రశ్న: “వాడికేం లాభం?”

నేను పనిచేసిన చోట ఒకతను ఉండేవాడు. చిన్న ఉద్యోగం. మెట్ల మీద డబ్బున్న కవరు దొరికితే తీసుకెళ్లి ఆఫీసులో అప్పగించాడు. మర్నాటి నుంచి మాటలు మొదలయ్యాయి. “కెమెరా ఉందని తెలుసులే.” “ప్రమోషన్ టైం కదా.” “దొరికింది అంతేనా, ఇంకా ఉందా?” ఈ మూడో మాట ఎంతదాకా పోయిందో చూడండి. డబ్బు పోగొట్టుకున్న మనిషిని పిలిచి, సరిపోయిందా అని అడిగారు. సరిపోయింది అన్నాడు. మళ్లీ పిలిచి మళ్లీ అడిగారు. చివరికి ఇతను నా దగ్గరకొచ్చి, “ఇంకోసారి దొరికితే చూడనట్టు వెళ్లిపోతానండి” అన్నాడు. ఏళ్లు గడిచినా ఆ మాట తలచుకుంటే నాకు కోపం వస్తుంది. ఒక మనిషిలో ఉన్న మంచితనాన్ని అంతమంది కలిసి ఆర్పేశారు. అందులో ఎవరూ దుర్మార్గులు కారు. తెలివైనవాళ్లమని అనుకున్నారు, అంతే.

ఆ తెలివి ఎంత తప్పో చెప్పే పరిశోధన ఒకటుంది, 2019లో వచ్చింది. 40 దేశాల్లో, 355 నగరాల్లో, దాదాపు 17,000 పర్సులతో చేశారు. బ్యాంకులు, హోటళ్లు, పోస్టాఫీసుల్లాంటి చోట్ల కౌంటర్లో ఒక పర్సు ఇచ్చి, “రోడ్డు మీద దొరికింది, మీరు చూసుకోండి” అని వెళ్లిపోయేవారు. కొన్నిట్లో డబ్బు ఉంది, కొన్నిట్లో లేదు. యజమానికి కబురు పెట్టిందెంతమంది? డబ్బు లేని పర్సుల విషయంలో 100కి 40 మంది, డబ్బున్న వాటి విషయంలో 51 మంది. మూడు దేశాల్లో ఇంకా ఎక్కువ డబ్బు పెట్టి చూస్తే 72కి పెరిగింది. ఇలా పెరుగుతుందని ఆర్థికవేత్తలు కూడా ఊహించలేకపోయారు. డబ్బు పెరిగితే తిరిగివ్వడం తగ్గుతుందనే మామూలు జనం అంచనా వేశారు. జరిగింది అందుకు పూర్తిగా వ్యతిరేకం.

ఎందుకిలా? పరిశోధకులు చెప్పిన కారణాలు రెండు. ఒకటి, డబ్బు ఉంచేసుకుంటే నేను దొంగనవుతానే అన్న బాధ. రెండోది, పోగొట్టుకున్న వాడి మీద జాలి. పర్సులో ఒక తాళంచెవి కూడా ఉంటే కబురు పెట్టినవాళ్లు ఇంకా పెరిగారు. తాళంచెవి తీసుకున్నవాడికి ఎందుకు పనికొస్తుంది చెప్పండి? అది లేకపోతే ఇబ్బంది పడేది యజమానే.

“చూశారా, తన కళ్లలో తాను దొంగ కాకూడదని ఇచ్చాడు, అదీ స్వార్థమేగా” అని ఎవరో ఒకరు అంటారు. నాకు ఇక్కడే జర్మన్ తత్వవేత్త కాంట్ గుర్తొస్తాడు. 1785లో ఆయన ఒక దుకాణదారు గురించి రాశాడు. ఏమీ తెలియని చిన్నపిల్లకైనా సరైన ధరకే అమ్ముతాడు, కానీ వ్యాపారం బాగుండాలని అలా చేస్తాడు. దానికి నైతికమైన విలువ లేదన్నాడు కాంట్. మహానుభావుడు, కాదనను. కానీ ఆ పిల్ల మోసపోలేదు కదా! ఏ ఉద్దేశమూ ఒంటరిగా రాదు. భయం, జాలి, పరువు, అలవాటు, అన్నీ ఒకేసారి మనసులోకి వస్తాయి. అందులోంచి చెత్త ఒక్కటే ఏరి చూపించడం ఏం న్యాయం?

ఇంకో సంగతి చెప్పకుండా వదలలేను. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతగురువులు కాబోయే విద్యార్థులతో ఒక ప్రయోగం జరిగింది, దాని ఫలితాలు 1973లో అచ్చయ్యాయి. వాళ్లలో కొందరు వెళుతున్నది ఆపదలో ఉన్నవాడికి సాయపడిన మనిషి కథ మీద ప్రసంగించడానికే. దారిలో ఒకతను గుమ్మం దగ్గర దగ్గుతూ, మూలుగుతూ ఒరిగిపోయి ఉన్నాడు. తొందర లేనివాళ్లలో 63 శాతం ఆగారు. బాగా ఆలస్యమైందని చెప్పి పంపిన వాళ్లలో 10 శాతమే ఆగారు. ఏ అంశం మీద ప్రసంగం అన్నది పెద్దగా తేడా తేలేదు, తొందరే తేడా తెచ్చింది. మనం ఆగనప్పుడు “ఆలస్యమైంది, టెన్షన్‌లో ఉన్నాను” అని పరిస్థితిని చెప్పుకుంటాం. అది చాలాసార్లు నిజమే. మరి ఎదుటివాడు ఆగినప్పుడు మాత్రం లోపల ఏముందో తవ్వుతామెందుకు?

చీటీ వచ్చింది, టైం అయిపోయిందట. ఈ సభలో ఆఫీసులు నడిపేవాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఎవరైనా దొరికిన వస్తువు తెచ్చిస్తే లెక్కపెట్టండి, రసీదు రాసివ్వండి. పోగొట్టుకున్న మనిషికి అక్కడే ఫోన్ కలిపి, తెచ్చినవాడి చేత మాట్లాడించండి. ఆ కవరు తెచ్చినతనికి అది దక్కలేదు.