తాతది కృష్ణా జిల్లానా, నల్గొండా?

తమ్ముడు: అక్కా, ఈవారం డల్లాస్ నుంచి ఒక శ్రోత వాళ్ల తాతగారి కాగితాలు పంపారు. మునగాల పక్క ఊరు. 1938 నాటి స్కూలు సర్టిఫికెట్లో నందిగామ తాలూకా, కృష్ణా జిల్లా అనుంది. డెబ్బైల్లో కట్టిన శిస్తు రసీదులో నల్గొండ. ఇప్పుడు మ్యాప్ తెరిస్తే సూర్యాపేట. వీటిలో ఏది తప్పు అని అడుగుతున్నారు.

అక్క: ఏదీ తప్పు కాదురా. మునగాల అన్నప్పుడే సగం అర్థమైంది నాకు. అది పాత పరగణా, జమీందారీ. చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. అందుకే కృష్ణా జిల్లా లెక్కల్లో ఉండేది. 1959లో నల్గొండలో కలిపారు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూర్యాపేటకి వెళ్లింది.

తమ్ముడు: ఒకే ఊరికి మూడు జిల్లాలా!

అక్క: రాష్ట్రాలైతే నాలుగు. 1953 దాకా మద్రాసు, తర్వాత మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రం, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్, 2014 నుంచి తెలంగాణ. అన్నట్టు, చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు గారు దివానుగా చేసింది ఈ మునగాల సంస్థానంలోనే. సరే, అది ఇంకో ఎపిసోడ్‌కి దాచుకుందాం.

తమ్ముడు: వాళ్ల బాబాయి వంశవృక్షంలో అన్నిచోట్లా సూర్యాపేట, తెలంగాణ అని మార్చేశారట.

అక్క: అయ్యో, అలా చేస్తే 1938 కాగితం ఎక్కడ వెతకాలో రేపు ఎవరికీ తెలియదు. కాగితంలో ఎలా ఉందో అలాగే, సంవత్సరంతో సహా రాయాలి. ఇప్పటి మండలం, జిల్లా పక్కన వేరే గడిలో పెట్టుకోవాలి. 1959కి ముందు సంగతి కావాలంటే కృష్ణా వైపు నుంచే మొదలుపెట్టాలి మరి.

తమ్ముడు: నానమ్మగారి పుట్టింటి అప్పు పత్రం కూడా ఉంది. ఊరి పేరు దగ్గర చెదలు కొట్టేసింది. "హాలీ సిక్కా రూపాయలు" అన్నది మాత్రం కనిపిస్తోంది.

అక్క: భలే! హాలీ సిక్కా నైజాం నాణెం. ఇంగ్లీషు రూపాయినైతే అటువైపు కల్దార్ అనేవాళ్లు. ఊరి పేరు పోయినా రూపాయి పేరు ఏ ఏలుబడో చెబుతోంది చూడు. కాకపోతే దీన్నొక్కదాన్నే పట్టుకుని తేల్చెయ్యకూడదు, హద్దు ఊళ్లలో అటూ ఇటూ బేరాలుంటాయిగా. పత్రం ఉర్దూలో ఉందా, తెలుగులో ఉందా? రాసింది మద్రాసు వైపు కరణమా, నైజాం వైపు పట్వారీయా? అవీ చూడమను.

తమ్ముడు: అసలు తకరారు ఇంకోటుంది. వాళ్ల నాన్నగారి జనన నమోదులో ఒక ఊరు, స్కూలు రికార్డులో ఇంకో ఊరు. జిల్లా మారడం కాదు, ఊరే వేరు.

అక్క: ఆయన పెద్దకొడుకా?

తమ్ముడు: అవును, నీకెలా తెలుసు?

అక్క: తొలికాన్పు పుట్టింట్లోనే కదరా! బిడ్డ పుట్టింది అమ్మమ్మగారి ఊళ్లో, నమోదైంది అక్కడే. స్కూల్లో చేర్చినప్పుడు తాతయ్య వెళ్లి స్వస్థలం అని తన ఊరు చెప్పుంటాడు. పుట్టిన చోటుకి జనన నమోదునే నమ్ముతాను. అది అప్పుడే, అక్కడే రాసింది. స్కూలు కాగితం అయిదారేళ్ల తర్వాత ఎవరో చెబితే రాసింది. అలాగని దాన్ని పారెయ్యక్కర్లేదు, కుటుంబం ఎక్కడ కాపురముందో చెప్పేది అదే.

తమ్ముడు: మరి ఆ అమ్మమ్మగారి ఊరు రామాపురం. మ్యాప్‌లో కొడితే బోలెడు రామాపురాలు!

అక్క: పేరుతో తేలదు. భూమి దస్తావేజు ఏమైనా పంపారా?

తమ్ముడు: ఒకటుంది, మొదటి పేజీ ఒక్కటే.

అక్క: మిగతా పేజీలు కూడా ఫోటో తీసి పంపమను. చెక్కుబందీ కావాలి. తూర్పున ఎవరి చేను, పడమట ఏ వాగు, ఏ ఊరి పొలిమేర అన్నది అందులో రాస్తారు. పక్క ఊళ్ల పేర్లు రెండు దొరికితే చాలు, ఏ రామాపురమో తేల్చేద్దాం.