సబ్బుకి ధైర్యం చెప్పే పోలీసు

నమస్తే అండీ. ఇవాళ ఒకే ఒక్క సినిమా, చుంగ్‌కింగ్ ఎక్స్‌ప్రెస్. 1994లో వచ్చిన హాంకాంగ్ సినిమా, డైరెక్టర్ వాంగ్ కార్-వై. కథ చివరిదాకా చెప్పేస్తాను. చూడనివాళ్లు ఇక్కడ ఆపేసి చూసి రండి, వీడియో ఎక్కడికీ పోదు.

నిజం చెప్పాలంటే మొదటిసారి దీన్ని నేను సగంలో వదిలేశాను. ఒక కుర్ర పోలీసు కథ నడుస్తుంటుంది, వాడి మీద మనకి కాస్త జాలి, కాస్త ఇష్టం కుదిరేలోపు ఒక చిరుతిళ్ల కొట్టు దగ్గర ఒక అమ్మాయికి తగులుతాడు, అంతే, సినిమా ఆ అమ్మాయి వెనకాల వెళ్లిపోతుంది, కుర్రాడు మళ్లీ కథలోకి రాడు. ఇంతసేపూ వీడితో తిరిగాను కదా, ఇప్పుడు వీణ్ణి ఏం చేశారయ్యా అని ఒళ్లు మండింది నాకు. రెండోసారి చూసినప్పుడు ఆ మంట లేదు. ఆ ఊళ్లో మనుషులు ఒకరికొకరు అలాగే తగుల్తారు, అలాగే తప్పిపోతారు, నాకు మాత్రం ప్రత్యేకంగా చెప్పి ఎందుకు వెళ్తాడు?

ముందు ఆ కుర్రాడి సంగతి. నంబర్ 223. తకేషి కనేషిరో చేశాడు. ప్రేమించిన అమ్మాయి పేరు మే, ఏప్రిల్ 1న వదిలేసింది. ఏప్రిల్ ఫూల్ జోకేమో అని వీడికి ఒక ఆశ. అందుకని ఆ జోకుకి ఒక నెల గడువు ఇస్తాడు. రోజూ ఒక పైనాపిల్ డబ్బా కొంటాడు, అదీ మే 1తో గడువు తీరిపోయే డబ్బాయే కావాలి. పైనాపిల్ ఆమెకి ఇష్టం, మే ఆమె పేరు, మే 1 వీడి పుట్టినరోజు, ఇరవై ఐదు నిండుతాయి. ముప్పై డబ్బాలు చేరేలోపు ఆమె రాకపోతే ప్రేమకి కూడా గడువు తీరినట్టే అని లెక్క వేసుకుంటాడు. పిచ్చి లెక్కే, కానీ విడిపోయిన కొత్తలో ఏదో ఒక తేదీ పెట్టుకోనివాళ్లు ఎవరున్నారు చెప్పండి. పండగ దాకా చూద్దాం, పరీక్షలయ్యాక చూద్దాం. వీడు ఆ తేదీని డబ్బా మీద అచ్చు వేయించుకున్నాడు, అంతే తేడా.

ఏప్రిల్ 30 రాత్రి ఒక షాపుకి వెళ్తే ఆ డబ్బాలు అప్పటికే అరల్లోంచి తీసేశారు. రేపటికి పాడైపోయేవి ఎవరు కొంటారు అంటాడు కొట్టువాడు. వీడు వాడితో గొడవ పెట్టుకుంటాడు. ఒక డబ్బా తయారవడానికి ఎంత శ్రమ పడి ఉంటారు, పారేసేటప్పుడు ఆ డబ్బా మనసు ఎలా ఉంటుందో ఆలోచించావా అని. కొట్టువాడికి పిచ్చెక్కిపోతుంది. మనకి నవ్వొస్తుంది, ఆ నవ్వు మధ్యలోనే తెలుస్తుంది వాడు మాట్లాడేది ఏ డబ్బా గురించో. ఆ రాత్రి ముప్పై డబ్బాలూ తినేస్తాడు. కడుపు తిప్పుతుంది మరి. తర్వాత బార్‌కి వెళ్లి, ఇప్పుడు ఈ తలుపులోంచి మొదట ఏ ఆడమనిషి వస్తే ఆమెని ప్రేమిస్తాను అని తీర్మానించుకుంటాడు.

వచ్చేది బంగారు రంగు విగ్గు పెట్టుకుని, రాత్రిపూట నల్ల కళ్లద్దాలు, పైన రెయిన్‌కోటు వేసుకున్నావిడ. బ్రిజిట్ లిన్. ఎప్పుడు వాన పడుతుందో ఎప్పుడు ఎండ కాస్తుందో తెలియదు కాబట్టి రెండూ వేసుకునే తిరుగుతుందట. ఆమెది మత్తుమందు రవాణా. ఆమెని మోసం చేసి సరుకుతో పారిపోయారు, దాంతో ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. ఆమె ముందు కూడా ఒక డబ్బా పెడతారు, చేపల డబ్బా, దాని మీదా అదే తేదీ, మే 1. ఇది నేను మొదటిసారి గమనించనే లేదు. వాడికి ప్రేమ అయిపోయే రోజు, ఆమెకి ఆయుష్షు అయిపోయే రోజు, రెండిటికీ ఒకటే అచ్చు. కానీ ఇద్దరికీ ఒకరి తేదీ ఇంకొకరికి తెలియదు.

బార్‌లోంచి ఇద్దరూ వెళ్లిన హోటల్ గదిలో ఏం జరుగుతుందంటే, ఏమీ జరగదు. ఆమె అలిసిపోయి పడుకుంటుంది. వాడు టీవీలో పాత సినిమాలు చూస్తూ సలాడ్లు తింటూ కూర్చుంటాడు. ముప్పై డబ్బాలు తిన్న కడుపులో మళ్లీ సలాడ్లు! తెల్లారి వెళ్లబోయేముందు ఆమె బూట్లు తీసి, చెప్పులతో పడుకుంటే ఆడవాళ్లకి కాళ్లు వాస్తాయని అమ్మ చెప్పిందని గుర్తు చేసుకుని, ఆ బూట్లని తన టైతో తుడిచి పక్కన పెడతాడు. నన్నడిగితే మొదటి కథ మొత్తానికి ప్రేమ సన్నివేశం ఇదే. ఆమె నిద్రలో ఉంది, చూడలేదు. తర్వాత వాడు వానలో పరిగెత్తుతుంటే పేజర్ మోగుతుంది, ఆ గదిలోంచి పుట్టినరోజు శుభాకాంక్షలు. అంటే ఆమె బూట్లు చూసుకుంది. అది చాలు వాడికి, జ్ఞాపకాన్ని డబ్బాలో పెట్టగలిగితే దానికి గడువు ఉండకూడదు, తప్పదంటే పదివేల ఏళ్లు రాయండి అంటాడు. నెలంతా ఎవరి కోసం తేదీలు లెక్కపెట్టాడో ఆ మే ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు.

ఇక రెండో కథ. నాకు అసలు సినిమా ఇదే, మొదటిది బాగోలేదని కాదు.

ఇతనూ పోలీసే, నంబర్ 663, టోనీ లియుంగ్ చేశాడు. రోజూ రాత్రి లాన్ క్వాయ్ ఫాంగ్ అనే పేటలో మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్ అనే చిరుతిళ్ల కొట్టుకి వచ్చి తన ఎయిర్ హోస్టెస్ ప్రియురాలి కోసం ఒకటే రకం సలాడ్ కొంటాడు. కొట్టు ఓనరు అంటాడు, ఆమెకి ఏమిష్టమో అడిగావా, ఇంకొకటి కూడా తీసుకెళ్లి చూడు అని. తీసుకెళ్తాడు. ఆమెకి కొత్తది నచ్చుతుంది. ఆ తర్వాత వెళ్లిపోతుంది. తిండిలోనే ఇన్ని రకాలు ఉన్నప్పుడు మగాళ్లలో ఉండవా అని తనే తనకి సమాధానం చెప్పుకుంటాడు, నల్ల కాఫీ తాగుతూ. ఓనరు మంచికే చెప్పాడు పాపం.

ఇప్పుడు ఇంట్లో సీను. డ్యూటీ నుంచి వచ్చి ఒంటరిగా ఉన్నాడు. ఏడవడు. తాగి పాటలు పెట్టుకోడు. సబ్బు చేతిలోకి తీసుకుని దాంతో మాట్లాడతాడు. ఆమె వెళ్లినప్పటినుంచి ఎంత చిక్కిపోయావో చూడు, ఇలా అయితే ఎలా, నీ మీద నువ్వు నమ్మకం పెట్టుకోవాలి అని సబ్బుకి నచ్చజెప్తాడు. నీళ్లు కారుతున్న పాత తువ్వాలుని పట్టుకుని ఏడుపు ఆపమంటాడు, గట్టిగా ఉండమంటాడు, పిండి మళ్లీ ఆరేస్తాడు. ఒక చొక్కా ముడతలు పడితే దానికి చలేస్తోందని ఇస్త్రీ చేస్తాడు. టోనీ లియుంగ్ ఇదంతా నవ్వించడానికి చేయడు, చంటిపిల్లల తండ్రి రాత్రిపూట అందరినీ పడుకోబెట్టినట్టు చేస్తాడు.

ఒంటరితనం అంటే మామూలుగా సినిమాల్లో ఏం చూపిస్తారు? కిటికీ, వాన, సిగరెట్. ఇక్కడ ఏం చూపించారంటే, ఆ ఇంట్లో ఒక మనిషికి జరుగుతున్నదంతా వస్తువులకి జరుగుతోందని ఆ మనిషి నమ్మడం. చిక్కింది సబ్బు, ఏడ్చింది తువ్వాలు, నేను బాగానే ఉన్నాను. ఆమె ఉన్నప్పుడు అయితే ఏంటి ఇలా అయిపోయావు అని అడిగేది. అడిగే మనిషి పోయింది కాబట్టి ఆ మాట వీడే పట్టుకుని ఇంట్లో వస్తువులన్నిటినీ అడుగుతూ తిరుగుతున్నాడు.

ఇక్కడ ఫే వస్తుంది, ఇందాక కుర్రాడు తగిలిన ఆ అమ్మాయే. నటి పేరు కూడా ఫే, ఫే వాంగ్, పాప్ సింగర్. పొట్టి జుట్టు, కొట్టులో పని, కాలిఫోర్నియా డ్రీమింగ్ అనే 60ల నాటి అమెరికన్ పాటని చెవులు పగిలేలా పెట్టుకుంటుంది, పెద్ద సౌండ్ ఉంటే ఆలోచనలు రావంటుంది. ఎయిర్ హోస్టెస్ 663కి ఇవ్వమని కొట్టులో ఒక కవరు ఇచ్చి వెళ్తుంది, అందులో ఉత్తరం, ఇంటి తాళంచెవి. అతను ఆ కవరు తీసుకోడు, తర్వాత చూస్తాలే అంటాడు. ఫే తాళంచెవి తీసుకుని, అతను లేనప్పుడు ఇంట్లోకి దూరడం మొదలుపెడుతుంది.

అదేం పని అని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. ఇదే పని మగాడు ఆడమనిషి ఇంట్లో చేస్తే మనం ఇంత ముచ్చటగా చూసేవాళ్లమా? చూడం. నాకూ ఆ ఇబ్బంది ఉంది. అతనికి తెలియకుండా నీళ్లలో నిద్రమాత్రలు కలిపే సీను దగ్గర ఇప్పటికీ నేను నవ్వలేను. సినిమా ఆ పనిని పాట పెట్టి దాటించేసింది, అంతే.

కానీ ఆ ఇంట్లో ఆమె చేసేవి చూడండి. సబ్బు కొత్తది పెడుతుంది. తువ్వాలు మారుస్తుంది. దుప్పట్లు మారుస్తుంది, అక్వేరియంలో కొత్త చేపలు వేస్తుంది, చేపల డబ్బాల మీద కాగితాలు తారుమారు చేస్తుంది. అతను పోలీసు, గుర్తుంచుకోండి. ఇల్లంతా మారిపోయినా ఎవరో వచ్చారన్న అనుమానం రాదు! సబ్బు లావెక్కితే, ఆమె పోయిందని ఇలా ఒళ్లు పెంచుకుంటావా అని మందలిస్తాడు. కొత్త తువ్వాలు చూసి ఇది మారిపోయింది, మునుపటిలా లేదని దిగులు పడతాడు, కాసేపటికి దాంట్లోంచి నీళ్లు కారగానే హమ్మయ్య అనుకుంటాడు. పైకి మారింది గానీ లోపల అదే మనసు, ఇంకా ఏడుస్తూనే ఉంది అని.

ఈ ఒక్క సీను కోసం సినిమా మళ్లీ మళ్లీ చూస్తాను. మారడం ఇష్టమే, కానీ పాతది మర్చిపోతానేమో అని భయం, ఆ రెండూ కలిపి ఒక తడి తువ్వాలు మీద పెట్టేశారు. పైగా అప్పటికి అతను సగం మారిపోయాడు, అతనికే తెలియదు. ఒకరోజు రాగానే ఇల్లంతా నీళ్లు. కుళాయి కట్టలేదా, లేక ఇల్లే ఇంతలా ఏడవడం నేర్చుకుందా అని అనుమానపడతాడు.

ఆ ఇల్లు నిజానికి సెట్ కాదు, కెమెరామన్ క్రిస్టఫర్ డోయల్ ఉన్న ఇల్లు. పక్కనే సెంట్రల్ అనే పేట నుంచి కొండ మీది మిడ్ లెవెల్స్‌కి వెళ్లే ఆరుబయట ఎస్కలేటర్, దాదాపు 800 మీటర్లు, 1993లో తెరిచారు, షూటింగ్ నాటికి ఊరందరికీ అది కొత్త. పొద్దున కిందికి నడుస్తుంది, పది దాటాక పైకి. ఎస్కలేటర్ మీద నిలబడి వంగి చూస్తే వాళ్లింటి కిటికీలోకి కనబడుతుంది. అన్ని వేలమంది రోజూ ఇంటి పక్కనుంచే జారిపోతుంటారు, ఒక్కరికీ లోపల ఎవరున్నారో పట్టదు, ఒక్క పిల్ల మాత్రం వంగి చూస్తుంది.

ఇంకో షాట్ కూడా చెప్పాలి. 663 కొట్టు దగ్గర నిలబడి కాఫీ తాగుతుంటాడు, ఫే కౌంటర్ మీద వాలి చూస్తుంటుంది, వాళ్లిద్దరూ దాదాపు కదలరు, ముందునుంచి జనం మాత్రం రంగుల చారల్లా పారిపోతుంటారు. సెకనుకి తక్కువ ఫ్రేములు తీయడం, నటులు కావాలని మెల్లగా కదలడం, ఇంతే కిటుకు. తక్కువ ఫ్రేములు తీసి, వాటినే రెండేసి మూడేసి సార్లు ప్రింట్ చేసి సాగదీసిన షాట్లు మొదటి కథలో కూడా ఉన్నాయి. ఈ సినిమాని వాంగ్ కార్-వై ఇంకో పెద్ద కత్తుల సినిమా మధ్యలో దొరికిన విరామంలో గబగబా తీసేశాడు, ఆ తొందర మీకు ప్రతి ఫ్రేములో తగులుతుంది.

1997 జులై 1న హాంకాంగ్‌ని బ్రిటన్ చైనాకి అప్పగించింది. ఆ తేదీ 1984 ఒప్పందంలోనే రాసుంది. సినిమా వచ్చేసరికి మూడేళ్లే మిగిలింది. అందుకే ఆ డబ్బా మీది తేదీ ఊరి తేదీ అని చాలామంది రాశారు. కావచ్చు. ఒక ఊరు ఊరంతా క్యాలెండర్ చూస్తూ బతుకుతున్నప్పుడు కుర్రాడు డబ్బా తిప్పి తేదీ చదవడం అంత వింతగా అనిపించదు. కానీ దాన్ని రాజకీయ పాఠంగా మాత్రమే చదివితే బూట్లు తుడిచిన టై ఎక్కడ పెడతాం?

చివర. ఒకరోజు ఫే ఇంట్లో ఉండగానే అతను తలుపు తీస్తాడు. దొరికిపోతుంది. అతను కోప్పడకుండా రాత్రి ఎనిమిదింటికి కలుద్దామంటాడు, కాలిఫోర్నియా అనే రెస్టారెంట్‌లో. ఆమె రాదు, నిజం కాలిఫోర్నియాకి వెళ్లిపోతుంది. ఆ పాట అంతలా పెట్టుకున్నది ఊరికే కాదన్నమాట. ఒక ఉత్తరం పంపుతుంది. అతను దాన్ని పారేసి, మళ్లీ వానలో తడిసిన కాగితాన్ని వెతికి తెచ్చి, ఒక షాపులో తినుబండారాలు వేడిచేసే యంత్రం దగ్గర ఆరబెడతాడు. తీసి చూస్తే చేత్తో గీసిన బోర్డింగ్ పాస్. సరిగ్గా ఏడాది తర్వాతి తేదీ. ఎక్కడికి అన్నచోట మాత్రం సిరా అలికిపోయింది.

ఎవరో అచ్చు వేసిన తేదీతో మొదలైన సినిమా, ఒక అమ్మాయి తన చేత్తో రాసిన తేదీకి వచ్చింది. నాకు ఇది ఇప్పుడు ఈ వీడియో కోసం రాసుకుంటుంటేనే తట్టింది.

ఏడాది తర్వాత ఆమె వస్తుంది, ఎయిర్ హోస్టెస్ యూనిఫాంలో. కొట్టులో పాత ఓనరు లేడు, 663 పోలీసు యూనిఫాం వదిలేసి ఆ కొట్టుని కొనుక్కున్నాడు. లోపల అదే పాట, అదే పెద్ద సౌండు, ఈసారి పెట్టింది అతను. అలికిపోయిన ఆ కాగితం చూపించి ఇది ఇంకా చెల్లుతుందా అని అడుగుతాడు. ఆమె కొత్తది రాయడానికి ఇంకో కాగితం తీసుకుని, ఎక్కడికి వెళ్లాలి అంటుంది. నువ్వు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి అంటాడు.