మురీల మూకుడు, సూర్యుడి పంపకం

నమస్కారం. పర్లాకిమిడి సంతలో మురీలు, అదే మరమరాలు, వేయించే అవ్వ పక్కన ఎప్పుడైనా నిలబడ్డారా? కాగిన ఇసుకలో గుప్పెడు బియ్యం వేసి పుల్లల కట్టతో తిప్పగానే అన్నీ పొంగుతాయి, రెండు మూడు మాత్రం మూకుడు దాటి మన మీదకొస్తాయి. మొన్న ఒకటి నా చెంపకే తగిలింది. "ఎడంగా నిలబడు బాబూ" అని అవ్వ నవ్వింది. చెంప రుద్దుకుంటుంటే నాకు సోలార్ ఫ్లేర్, అంటే సూర్యుడి మీద ఉన్నట్టుండి వచ్చే పెద్ద మెరుపు, గుర్తొచ్చింది, ఏం చేస్తాం, నా పిచ్చి అలాంటిది!

సూర్యుడి మీద అయస్కాంత రేఖలు మెలితిరిగి, తెగి, మళ్లీ వేరేలా అతుక్కున్నప్పుడు, వాటిలో దాగిన శక్తి నిమిషాల్లో బయటపడుతుంది. అందులో కొంత అక్కడి వాయువును వేడెక్కిస్తుంది, అంటే ప్రతి కణానికీ తలాకాస్త అన్నమాట. ఇంకొంత కొన్ని ఎలక్ట్రాన్లకే దక్కుతుంది, అవి కాంతి వేగంలో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా జోరుగా దూసుకుపోతాయి.

మూకుడు దాటిన మురీ నేల మీద పడి చల్లారిపోతుంది. ఎలక్ట్రాన్ అలా కాదు. సూర్యుడి వాతావరణంలో కింది పొరను గుద్దుకుని తన శక్తంతా అక్కడే వదిలేస్తుంది, దాంతో పది వేల డిగ్రీల దగ్గరున్న వాయువు కోటి డిగ్రీలకు చేరి, ఉబ్బి పైకి లేస్తుంది. పరుగు కాస్తా వేడైపోయింది. ఇక వేడికెంత, పరుగుకెంత అన్న పంపకం లెక్క ఎలా రాస్తారు?

గుద్దుకున్న చోట ఎక్కువ శక్తి ఉన్న హార్డ్ ఎక్స్‌రేలు చటుక్కున మెరుస్తాయి, వేడెక్కిన వాయువు నుంచి తక్కువ శక్తి ఉన్న సాఫ్ట్ ఎక్స్‌రేలు నిదానంగా పెరుగుతాయి. 1968లో న్యూపర్ట్ అనే శాస్త్రవేత్త, ఆ జోరు ఎలక్ట్రాన్ల నుంచే వచ్చే రేడియో మెరుపుల్ని సాఫ్ట్ ఎక్స్‌రేలతో పోల్చి ఈ వరసను పట్టుకున్నారు. 2023 సెప్టెంబరు 2న సూర్యుణ్ని గమనించడానికి శ్రీహరికోట నుంచి వెళ్లిన మన వ్యోమనౌక ఆదిత్య-ఎల్1లో రెండు రకాలకూ వేరువేరు పరికరాలున్నాయి: సాఫ్ట్‌కి సోలెక్స్, హార్డ్‌కి హెలియోస్.

అయినా చిక్కు తీరదు. వేగం అందుకున్న ఎలక్ట్రాన్లలో తక్కువ శక్తివే ఎక్కువమంది, ఒక్కోదాని దగ్గర ఉన్నది కాస్తే అయినా మొత్తం మీద పెద్ద వాటా వాటిదే, తీరా చూస్తే వాటి ఎక్స్‌రేలే వేడి వాయువు వెలుగులో కలిసిపోతాయి. ఎక్కడిదాకా వేడి, ఎక్కడి నుంచి పరుగు అని గీత గీసేటప్పుడు ఆ గీత కాస్త జరిగినా లెక్క ఎన్నో రెట్లు మారిపోతుంది. నాకైతే మూకుడు అంచు మీద ఆగిపోయిన గింజే కనిపిస్తుంది, అది ఎగిరినట్టా, పొంగినట్టా?

అవ్వ మాత్రం ఆ అంచు గింజల్ని వేలితో లోపలికి తోసేసి, సోల నిండా కొలిచి నా సంచిలో పోసింది.