ఊయల పాటల క్యాసెట్

శ్రోతలకు నమస్కారం.

పర్లాకిమిడిలో మా ఇంటి రేడియోకు రెండు అంకెలే బాగా తెలుసు. 927 కిలోహెర్ట్జ్ దగ్గర విశాఖపట్నం, 972 దగ్గర కటక్. చివరి రెండు అంకెలూ చోటు మార్చుకుంటే భాష మారిపోతుంది. మరను గోరంత తిప్పితే తెలుగు, ఇంకాస్త తిప్పితే ఒడియా. 1936లో కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఒడిశాలోకి వెళ్ళింది కానీ మా చెవులు మాత్రం ఇటూ అటూ రెండు వైపులా ఉండిపోయాయి. పాటలు ఏరి, వరుస కట్టి, ఒకచోట కూర్చే అలవాటు నాకు ఆ రేడియో దగ్గరే పట్టుకుంది. ఇవాళ ఆ అలవాటులోని ఆనందం గురించి మాట్లాడతాను.

ఇష్టమైన పాటలన్నీ పోగు చేసుకోవడం వేరు. ఒక అంశం పట్టుకుని, దానికి తగినవే ఏరడం వేరు. వాన అనుకోండి, ఉత్తరం అనుకోండి, రైలు అనుకోండి. వెతకడం మొదలుపెట్టాక మనకు అంతగా నచ్చని పాట ఒకటి వచ్చి, ఇక్కడ నేను లేకపోతే కుదరదు అంటుంది. ప్రాణంలా చూసుకునే పాటను పక్కన పెట్టవలసి వస్తుంది. అప్పటి నుంచి ఆ రెండు పాటలనూ మనం మునుపటిలా వినలేం.

1988లో అక్క తొలి కానుపుకు మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల. ఐదో నెలలో పాపను తీసుకుని రాయగడకు, అత్తవారింటికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టడానికి ఒక క్యాసెట్ తయారు చేయాలనుకున్నాను. అంశం వెతుక్కోనక్కర లేకపోయింది. నడవలో దూలానికి అమ్మ పాత నేత చీరతో కట్టిన ఊయల రోజంతా ఊగుతూనే ఉండేది.

ఊయల అనే మాట ఉన్న పాటలన్నీ ఒక్క సాయంత్రంలో కాగితం మీద రాసేశాను. ఇరవై దాటాయి. తెలిసినవాళ్ళ దగ్గరి క్యాసెట్లు, రికార్డులు తెచ్చి వరుసగా విన్నాను. పేలవంగా ఉంది. మాట ఉంది, ఊగడం లేదు. కొన్ని పాటల్లో నాయిక ఊయల మీద కూర్చుని ఉంటుంది, వెనక వాద్యాలు మాత్రం కవాతు చేస్తుంటాయి. కాగితం చింపేసి నియమం మార్చాను. పాటలో ఊయల ఉండనవసరం లేదు, పాట ఊగాలి. తకిట తకిట అని మూడేసి దెబ్బల నడక దొరికితే చాలు. అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. పల్లకీ మోసే బోయీల పాట వచ్చింది, పడవ పాట వచ్చింది, దంపుళ్ళ పాట వచ్చింది. ఇలాంటి సంకలనం చేసేవారెవరికైనా నేను మనసారా చెప్పేది ఇదే. మాటను బట్టి కాదు, కదలికను బట్టి ఏరండి.

అంతలో జూన్ నెల నడుమ రజ పండుగ వచ్చింది. ఆ మూడు రోజులూ భూమికి విశ్రాంతి అని ఒడియా రైతులు నాగలి పట్టరు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని, మామిడి కొమ్మకో మర్రి ఊడకో తాళ్ళు వేసి ఊగుతారు. మా పక్కింటి మౌసి, అంటే ఒడియాలో పిన్ని, తన మనవరాళ్ళను ఊపుతూ రజ పాటలు పాడుతుంటే గోడ ఇవతల నుంచి అమ్మ అందుకుంది. అమ్మ పాడినది అట్లతద్ది నాటి ఉయ్యాల పాట. అట్లతద్దికి ఇంకా నాలుగు నెలలు ఉంది. ఒడియా పిల్లలు వానాకాలం మొదట్లో ఊగుతారు, తెలుగు పిల్లలు ఆ వానలు వెనకపట్టాక ఊగుతారు. చెట్టు అదే, తాడు అదే. రెండు పాటలనూ ఒకే వైపు ఎక్కించాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఇద్దరినీ మా ఇంట్లోనే రికార్డు చేశాను. ఎర్ర మీట, పక్కది కలిపి నొక్కాలి. నొక్కిన చప్పుడు పాటలోకి రాకుండా రెండు క్షణాలు ఆగి చేత్తో సైగ చేయాలి. తీరా వింటే ఒక ఇబ్బంది. మౌసి గొంతు పై శ్రుతిలో ఉంది, అమ్మది కింది శ్రుతి. ఒకదాని వెనక ఒకటి పెడితే చీకట్లో మెట్టు తప్పినట్టు ఉంది. మధ్యలో ఎవరినో కూర్చోబెట్టాలి. పాటైతే మూడో మనిషి వచ్చి కబుర్లలో దూరినట్టవుతుంది. చివరికి వేణువు మీద మోహన రాగం ముక్క ఒకటి దొరికింది. మన మోహన హిందుస్తానీలో భూపాలి, అవే అయిదు స్వరాలు. ఆ వేణువు మౌసి వదిలిన చోట పైన మొదలై, మెల్లగా దిగి, అమ్మ అందుకునే చోట ఆగింది. ఆ అతుకు కుదిరిన మధ్యాహ్నం నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పటికీ కొలవలేను. పాటలు పాడినది వేరేవాళ్ళు, కట్టినది వేరేవాళ్ళు. రెండు పాటల నడుమ ఉన్న ఆ చోటు మాత్రం నాది.

ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన ఆ చిన్న క్యాసెట్ మామూలు ఇళ్ళకు ఇచ్చిన వరం అదే. గ్రామఫోను రికార్డు మీద వరుస కంపెనీ వేసినదే. క్యాసెట్ వచ్చాక వరుస మన చేతికి వచ్చింది.

మిగతావి నింపడానికి బజారులో రికార్డింగ్ దుకాణానికి వెళ్ళాను. అరవై నిమిషాల క్యాసెట్, వైపుకు ముప్పై. పాత సినిమా పాటలు మూడు, మూడున్నర నిమిషాలకు మించవు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు మీద ఒక వైపు పట్టేది అంతే కాబట్టి పాటలను ఆ కొలతకే కట్టేవారు. అలా వైపుకు ఎనిమిదో తొమ్మిదో పడతాయి. విజయనగరంలో పుట్టిన పి. సుశీల గారి పాటలే పెట్టుకుంటూ పోతే క్యాసెట్ చాలదు, పైగా ఆవిడ ఒడియాలోనూ పాడారు. అందుకని ఏ గొంతైనా రెండుసార్లకు మించకూడదని గిరి గీసుకున్నాను. రెండో వైపు నెమ్మదించాలి. పూరీలో శ్రావణ మాసంలో స్వామిని ఊయల ఊపే ఝులన్ యాత్ర పాట, మన గుళ్ళలో స్వామికి పాడే పవళింపు పాట, ఆ తర్వాత నీలాంబరి రాగం. నిద్రపుచ్చడానికి మనవాళ్ళు తరతరాలుగా నమ్ముకున్న రాగం అది. అన్నిటికన్నా చివర అమ్మ పాడిన జోలపాట.

దుకాణంలోని పెద్దాయన నా జాబితా ఆసాంతం చదివి, "బాబూ, ఇది పసిపిల్ల కోసమా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే రెండో వైపు నిండా నింపకండి. టేపు అయిపోగానే మీట టక్కున పైకి లేస్తుంది. జోలపాట ముగిసిన వెంటనే ఆ చప్పుడైతే పాప ఉలిక్కిపడుతుంది. మూడు నిమిషాలు ఖాళీ వదులుదాం, నిద్ర ముదురుతుంది" అన్నారు. నేను పాటల గురించే ఆలోచించాను. ఆయన నిశ్శబ్దానికి కూడా కొలత వేశారు. ఒక పాట తీసేసి మూడు నిమిషాలు వదిలాం. ఎవరూ పొరపాటున దాని మీద వేరేది ఎక్కించకుండా వెనక వైపు ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్ళలను ఆయనే విరిచి ఇచ్చారు.

ఇప్పుడు ఫోనులో ఎన్ని పాటలైనా పడతాయి. వందల పాటల జాబితాలు నాకూ వస్తుంటాయి, వింటాను. అయినా నేను కూర్చేటప్పుడు ముప్పై నిమిషాలకు గీత గీస్తాను. చోటు చాలనప్పుడే ఏది ముఖ్యమో తెలుస్తుంది. పాటల వరుసను చిందరవందర చేసే షఫుల్ మీట జోలికి మాత్రం వెళ్ళను. జోలపాట తర్వాత పల్లకీ పాట రావడం నాకు నిజంగానే బాధ కలిగిస్తుంది.

అక్క కూతురికి ఈ మధ్యే పాప పుట్టింది. పాత క్యాసెట్ ఫోనులోకి ఎక్కించి పంపమని అడిగింది. ఆ పని చేసిన కుర్రవాడు అమ్మ జోలపాట దగ్గర ఆగి, "ఇక్కడేదో కూత పడింది, తీసేయమంటారా?" అన్నాడు. అది నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు. మా ఊరికి 1900లో వచ్చిన ఆ సన్న పట్టాల దారి 2004లో మూతపడింది. 2011లో పెద్ద పట్టాల మీద మళ్ళీ రైలు నడిచింది కానీ ఆ కూత తిరిగి రాలేదు. రికార్డు చేసిన రాత్రి, పాట పాడైపోయిందని, మళ్ళీ పాడమని అమ్మను బతిమాలాను. పాప నిద్రపోయింది, ఇక పాడనంది.

టేపు రొద తగ్గించమన్నాను. కూతను ఉంచమన్నాను. చివరి మూడు నిమిషాల ఖాళీని కూడా.

ఆ కూత వచ్చినప్పుడు పాప ఒకసారి కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూస్తుందట.